మాపటి హాజరు

గుండ్లవాగు వడ్డెర గూడెంలో మగవాడికి పదిహేనేళ్ళు నిండాయంటే పొద్దు గూకేసరికి ఊళ్ళో చావిడి ముందు ఉండాల్సిందే. మునసబు రోశయ్య లాంతరు పక్కన పెట్టుకుని, రిజిస్టరు తీసి పేర్లు చదివేవాడు. పేరు వినపడగానే "ఉన్నానయ్యా" అనాలి. అన్నాక ఇంటికి పోవటానికి లేదు. అక్కడే చావిడి అరుగు కింద గోనెపట్టా పరుచుకుని తెల్లారేదాకా పడుకోవాలి. వానొస్తే పక్కనున్న పశువుల కొట్టంలోకి జరగొచ్చు.

పుల్లమ్మ కాపురానికి వచ్చిన ఏడే ఈ హాజరు మొదలైంది. ఎక్కడో దారిలో రెండు బండ్లు దోచుకున్నారట. దోచినవాళ్ళ మాట వడ్డెరవాళ్ళ మాటలా ఉందని ఎవరో చెప్పారట. ఆ ఒక్క మాటకు గూడెం గూడెమంతా నేరస్థ జాతుల జాబితాలోకి ఎక్కింది. పోలీసులు వచ్చి మగవాళ్ళ పది వేళ్ళూ సిరాలో ముంచి కాగితాల మీద ఒత్తించుకుపోయారు. అప్పటినుంచి పద్ధెనిమిదేళ్ళలో ఆమె మొగుడు యల్లమంద ఇంట్లో పడుకున్న రాత్రులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మరి పిల్లలెట్టా పుట్టారే అని ఊళ్ళో ఆడవాళ్ళు ఎకసెక్కాలాడితే, "పగలు లేదా ఏంది" అనేది పుల్లమ్మ.

నాపరాళ్ళు తీయటం, బావులు తవ్వటం వాళ్ళ పని. రాళ్ళ గుంట ఊరి పొలిమేరలోనే ఉంది కాబట్టి దానికి అడ్డు లేదు. పొరుగూళ్ళో బావి తవ్వాలంటే మాత్రం మునసబు చీటీ రాసివ్వాలి. ఎన్నాళ్ళకు రాస్తే అన్నాళ్ళే. యల్లమంద మూడుసార్లు జైలుకు పోయి వచ్చాడు. మొదటిసారి నాదెండ్ల వైపు పదిరోజుల చీటీ మీద బావి పనికి పోతే, సరిగ్గా పదోనాడు జల పడింది. నీళ్ళు తోడి, అడుగు రాయి కొట్టి పైకొచ్చేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులకు మూడు నెలలు వేశారు. రెండోసారి, మాచర్లలో తల్లి పోయిందని కబురొచ్చింది. మునసబు ఊళ్ళో లేడు. చీటీ లేకుండానే పోయి, తల్లిని మట్టిచేసి వచ్చాడు. ఆరు నెలలు పడింది. మూడోసారి ఊళ్ళో ఒక షావుకారు ఇంటికి కన్నం పడితే గూడెంలో ఎనిమిదిమందిని పట్టుకుపోయారు. ఆ రాత్రి తాను చావిడి ముందే పడుకున్నానని, కావాలంటే పుస్తకం చూడమని యల్లమంద మొత్తుకున్నాడు. మునసబు పుస్తకం తెచ్చి చూపించాడు గాని, హాజరు పొద్దుగూకినప్పటిదే కదా, నడిరేయి ఎవడెక్కడున్నాడో తనకేం తెలుసునన్నాడు. ఏడాదిన్నర వేశారు.

ఆ మూడో జైల్లోనే యల్లమందకు చెన్నకేశవులు పరిచయమయ్యాడు. ఆయన గురజాల దగ్గర పెద్ద మోతుబరి కొడుకు. దొరతనాన్ని వెళ్ళిపొమ్మన్నందుకు లోపల వేశారు. మొదట్లో ఆయనకూ రాళ్ళు కొట్టే పనే పడింది. అరచేతులు బొబ్బలెక్కి నెత్తురు కారుతుంటే యల్లమంద పక్కన కూర్చుని, సుత్తి ఎక్కడ పట్టుకోవాలో, రాయిని ఏ వాలున కొడితే విచ్చుకుంటుందో చూపించాడు. సాయంత్రం కొలతకు వచ్చేముందు తన కుప్పలోంచి రెండు గంపల కంకర ఆయన కుప్పలో పోసేవాడు. "నేను బయటికి పోయాక మీ చట్టం సంగతి చూస్తాను యల్లమందా" అన్నాడట ఆయన. యల్లమంద విడుదలై వచ్చి ఆ మాట చెబితే, పుల్లమ్మ జొన్నసంకటి కెలుకుతూ, "లోపలున్నోళ్ళు చానా మాటలంటారు" అని ఊరుకుంది.

నలభై ఆరులో చెన్నకేశవులు అసెంబ్లీ మెంబరయ్యాడు. ఆయనకు ఓటు వేయటానికి గూడెంలో ఒక్కరికీ ఓటు లేదు. పన్ను కట్టేవాళ్ళకూ చదువుకున్నవాళ్ళకూ మాత్రమే ఓటు. అయినా యల్లమంద ఆ రోజు గూడెంలో అందరికీ బెల్లం ముక్కలు పంచాడు.

స్వరాజ్యం వచ్చిన ఏడు, దీపావళికి ముందు, చెన్నకేశవులు గూడేనికి వచ్చాడు. అంతకు మునుపు ఖద్దరు కట్టిన మనిషి ఎవడూ ఆ గూడెంలో అడుగుపెట్టలేదు. రాళ్ళ గుంట గట్టుమీద నిలబడి జేబులోంచి కాగితం తీసి కాసేపు చదివాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే అది గమనించి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీమీద ఉన్న చట్టం చెన్నపట్నంలో ఎత్తేశాం. నేను లేచి ఇరవై నిమిషాలు మాట్లాడాను. మీ గూడెం పేరు చెప్పాను. యల్లమంద తల్లిని మట్టిచేసి వస్తే జైలుకు పంపిన సంగతి చెప్పాను. సభంతా విన్నది. ఇక మీకు హాజరు లేదు, చీటీ లేదు."

పుల్లమ్మే ముందుకొచ్చింది.

"ఆ సంగతి మునసబు గారికి ఎరికేనాయ్యా?"

చెన్నకేశవులు నవ్వి, రోశయ్యకు కబురుపెట్టాడు. రోశయ్య రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. మెంబరు గారు ఆఖరి పుట మీద అడ్డంగా గీత గీసి, కింద సంతకం చేసి, "దీన్ని ఇక చెదలకు పెట్టు రోశయ్యా" అన్నాడు. "తమరు ఎట్టా చెబితే అట్టాగే" అన్నాడు రోశయ్య.

ఆ సాయంత్రం పొద్దు వాలగానే యల్లమంద లేచి, గోనెపట్టా భుజాన వేసుకుని బయల్దేరాడు. పుల్లమ్మ చూస్తూనే ఉంది, పిలవలేదు. సగం దారికి పోయి ఆగాడు. వెనక్కి వచ్చి గడపలో కూర్చున్నాడు. "ఏం చెయ్యాల్నే ఇప్పుడు?" అన్నాడు. "తిని పడుకో మావా" అంది ఆమె. ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. సంతోషం ఎక్కువైనా కడుపు నిండుతుందని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఏడాది వాళ్ళు కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగారు. ఏ ఊళ్ళో బావి ఉందంటే ఆ ఊరు పోయారు. మాచర్ల తిరునాళ్ళకు పోయి, అక్కణ్ణుంచి ఎత్తిపోతల దాకా నడిచారు. అంతెత్తునుంచి నీళ్ళు పడతాయని పుల్లమ్మ చిన్నప్పటినుంచీ వింటున్నది. ఒకసారి ఆమె మొగుడు అక్కడికి పోతానని చీటీ అడిగితే, "అక్కడ పనేందిరా?" అని రోశయ్య అడిగాడు. పని లేదు, చూడ్డానికేనంటే, చూడ్డానికి చీటీ ఇవ్వరని చెప్పాడు. ఇప్పుడు ఇద్దరూ ఆ తుంపర మొహాన పడేట్టు ఒక బండమీద పొద్దు తిరిగేదాకా కూర్చున్నారు. యల్లమంద నీళ్ళకంటే ఎక్కువగా పక్కనున్న రాయినే చూశాడు. మంచి రాయి, పొరలు పొరలుగా వస్తుందన్నాడు.

మరుసటి ఏడు చలికాలం మొదట్లో హెడ్డు కనిస్టేబు సాంబయ్య గూడేనికి వచ్చాడు. చేతిలో కొత్త కాగితం ఉంది. ముప్ఫై ఒక్కమంది మగవాళ్ళలో పద్నాలుగు పేర్లు చదివాడు. మూడో పేరు యల్లమందది.

"రేపటినుంచి పొద్దు గూకేసరికి చావిడి కాడ ఉండండి. పొలిమేర దాటితే చీటీ కావాల."

"ఆ చట్టం ఎత్తేశారుగా హెడ్డుగారూ. మెంబరు గారే వచ్చి గీత గీసి పొయ్యారు" అన్నాడు యల్లమంద.

"అది ఎత్తేశారు. ఇది వేరే. అది జాతి మొత్తానికీ, ఇది పాత నేరస్థులకు. మూడుసార్లు శిక్షపడ్డోడు ఇందులోకొస్తాడు. నీకు మూడు ఉన్నయ్యిగా?"

"రెండు చీటీ లేదని వేసినయ్యేగదండీ. చీటీయే అక్కర్లేదని అన్నాక..."

"శిక్ష శిక్షేరా. దేనికని నన్నడిగితే నేనేం చెప్పను. పైవాళ్ళు పేర్లు రాశారు, నేను తెచ్చాను." సాంబయ్య చెడ్డవాడు కాడు. మంచినీళ్ళు అడిగి తాగి, చెంబు ఇస్తూ అన్నాడు. "మీ మెంబరు గారు దీనిక్కూడా చెయ్యి ఎత్తారంట. పేపర్లో పడింది."

యల్లమంద ఆ మాట నమ్మలేదు. ఆయనకు తెలియకుండా చేసి ఉంటారన్నాడు. తెలిస్తే ఊరుకునే మనిషి కాదన్నాడు. పోయి చెప్పొస్తానన్నాడు గాని, గురజాల పోవాలంటే చీటీ కావాలి. రోశయ్యను అడిగితే, మెంబరు గారితో నీకు పనేందిరా అని ఎదురడిగాడు.

అదే నెలలో గురజాలలో సభ పెట్టారు. అసెంబ్లీలో ఈ రెండేళ్ళూ ఏమేం చేశారో మెంబరు గారు ప్రజలకు చెబుతారని టముకు వేశారు. ఆడవాళ్ళ పేర్లు జాబితాలో లేవు. అందుకని పుల్లమ్మ తెల్లవారుజామునే సంకటి మూటకట్టుకుని బయల్దేరింది.

సభ పందిట్లో ముందు బల్లల మీద రైతులు, షావుకార్లు, ప్లీడర్లు కూర్చున్నారు. పుల్లమ్మ చివర, గుంజకు ఆనుకుని కూర్చుంది. ఎవరో పెద్దమనిషి లేచి, మూడు పర్యాయాలు కారాగారవాసం చేసిన త్యాగి అని మెంబరు గారి మెడలో నూలు దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెన్నకేశవులు లేచి ఒక్కొక్క చట్టమే చెప్పుకొచ్చాడు. గుళ్ళలోకి అందరినీ రానిచ్చే చట్టం. కల్లు, సారా మాన్పించే చట్టం. జమీందారీలు తీసెయ్యటానికి చట్టం. కొన్నిటికి చప్పట్లు పడ్డాయి, కల్లు దగ్గర మాత్రం వెనక ఎవరో గొణిగారు. తర్వాత ఆయన గొంతు తగ్గించి, తన జీవితంలో తనకు తృప్తినిచ్చిన పని ఒకటుందని, పుట్టుకతోనే దొంగలని ముద్రపడిన వేలమంది మెడలోంచి ఆ ఉరితాడు తీసివేయటంలో తన చెయ్యి కూడా ఉందని చెప్పాడు.

"జైల్లో నాకు సుత్తి పట్టుకోవటం నేర్పిన యల్లమంద అనే సోదరుడున్నాడు. గుండ్లవాగు మనిషి. అతడు ఈ సభకు వచ్చి ఉంటే లేచి నిలబడాలని కోరుతున్నాను."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పుల్లమ్మ గుంజ పట్టుకుని లేచింది.

"ఆయన రాలేదయ్యా. చీటీ ఇయ్యలేదు."

చెన్నకేశవులుకు వెంటనే అర్థం కాలేదు. "ఏం చీటీ?" అన్నాడు.

"పొలిమేర దాటే చీటీ. మళ్ళా హాజరు పెట్టారు. కొత్త చట్టమంట. పద్నాలుగు మందిని రాశారు. మీరు చేసిందేనంటగా."

ముందు బల్లమీద కూర్చున్న రైతొకడు, "దొంగతనాలు తగ్గినయ్యి, అది చెప్పవేందమ్మా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మెంబరు గారు చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపి, సభ అయ్యాక మాట్లాడదాం, ఉండమ్మా అని, రోడ్ల సంగతి ఎత్తుకున్నాడు.

సభ అయ్యాక ఆయన దిగిన ఇంటి వసారాలోకి పిలిపించాడు. ఆమె మెట్టు కింద నిలబడింది. పైకి రమ్మన్నాడు. ఆమె రాలేదు. లోపల భోజనాలకు విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినిపిస్తున్నది.

"పుల్లమ్మా, అది అందరికీ పెట్టిన చట్టం. ఏ జాతివాడైనా ఒకటే. జాతి పేరు ఎక్కడా లేదు."

"మా ఊళ్ళో పద్నాలుగూ మా గూడెమేనయ్యా."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "పాత చట్టం తీశాక జిల్లా నలుమూలలనుంచీ రైతుల అర్జీలొచ్చినయ్యి. మీ రోశయ్య మొదటి సంతకం పెట్టాడు. వాళ్ళను కాదంటే పాత చట్టమే మళ్ళా తెస్తామనేవాళ్ళు. ఇది కాస్త నయమనుకున్నాం."

"అది ఎత్తేసేనాడు మీరు ఇరవై నిమిషాలు మాట్లాడానన్నారు."

"అవును."

"ఇది పెట్టేనాడు ఎంతసేపు మాట్లాడారు?"

చెన్నకేశవులు ఆమెవంక చూడలేదు. "ఆ రోజు చాలా బిల్లులు వచ్చినయ్యి. పార్టీ అంతా ఒకమాట అనుకున్నాక ఎవరూ మాట్లాడరు. అందరితోపాటు చెయ్యి ఎత్తాను."

"మా ఆయన మాట గుర్తురాలేదా?"

"వచ్చింది" అన్నాడు ఆయన. అబద్ధం చెబితే బాగుండునని పుల్లమ్మకు అనిపించింది. గుర్తులేదంటే తప్పు మరుపు మీద వేసి ఇంటికి పోయేది.

"ఇందాక మీరు కూడా మూడుసార్లు జైలుకు పొయ్యారని చెప్పి దండ వేశారు. మా ఆయనా మూడుసార్లే పొయ్యాడు. మిమ్మల్ని ఏ చావిడి కాడ పండబెట్టారు?"

లోపల్నుంచి ఎవరో, "అయ్యా, వడ్డించారు" అని కేకేశారు. చెన్నకేశవులు వస్తున్నానని చెప్పి, కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని ఠాణా ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాడు. యల్లమంద తనకు తెలిసిన మనిషి, సత్ప్రవర్తన గలవాడు, అతని విషయం సానుభూతితో చూడగలరు అని చదివి వినిపించాడు. మిగతా పదముగ్గురి పేర్లు రాయలేదేమని ఆమె అడిగింది. వాళ్ళు తనకు తెలియదు కదా అన్నాడు ఆయన. భోంచేసి పొమ్మన్నాడు. ఆమె ఉత్తరం కొంగున ముడేసుకుని బయటికి వచ్చి, తెచ్చుకున్న సంకటి కాలవ గట్టున తిని ఇల్లు చేరింది.

ఉత్తరం చూసి యల్లమంద మొహం విప్పారింది. జైల్లో చూసిన ఆయన చేతిరాత గుర్తుపట్టాడు. చూశావా, మరిచిపోలేదు అన్నాడు. పుల్లమ్మ వసారాలో జరిగినదంతా చెప్పింది. ఒక్క మాట కూడా దాచలేదు. దాస్తే బాగుండునేమో అని తర్వాత చాలాసార్లు అనుకుంది. యల్లమంద అంతా విని, ఉత్తరాన్ని మళ్ళీ మడత పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు.

"ఒక్కడి పేరే రాశాడా?"

"ఒక్కడిదే."

"తెల్లారి ఠాణాలో ఇచ్చిరా. రాసినోడు రాశాడు, మనం ఇయ్యలేదనే మాట మనకొద్దు."

ఇన్‌స్పెక్టరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఫైలులో పెట్టుకున్నాడు. సభలో నువ్వేనా లేచింది అని పుల్లమ్మను అడిగాడు. అవునంది. విచారించి చూస్తానన్నాడు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఆ విచారణ ఏమైందో ఎవరూ చెప్పలేదు. యల్లమంద మాత్రం ఆ ఉత్తరం ఇచ్చిన రోజునుంచే హాజరుకు అందరికంటే ముందు పోయేవాడు. రోశయ్య లాంతరు వెలిగించకముందే అక్కడ ఉండేవాడు. ఇంట్లో మాటలు తగ్గించాడు. మొదటి పద్ధెనిమిదేళ్ళలో అతను రోశయ్యను తిట్టేవాడు, పోలీసులను తిట్టేవాడు, తాగితే దేవుణ్ణి కూడా తిట్టేవాడు. ఇప్పుడు ఎవరినీ ఏమీ అనటం లేదు. అదే పుల్లమ్మకు గుబులైంది. నాదెండ్లనుంచి బావి పనికి కబురొస్తే చీటీ అడగటానికి కూడా పోలేదు. వేరేవాళ్ళను పెట్టుకోమనండి అన్నాడు.

ఆ ఎండాకాలం పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చారు. ఇకమీదట అందరికీ ఓట్లు వస్తాయట, దానికి జాబితా. రాసేది రోశయ్య, పక్కన కరణం. రోశయ్య చంకలో రిజిస్టరు చూడగానే గూడెం గూడెమంతా ఖాళీ అయింది. మగవాళ్ళు గుంటలోకి దిగారు. ఆడవాళ్ళు తడికలు మూసుకున్నారు. రెండు రోజులు తిరిగినా ఒక్క పేరు దొరకలేదు. ఒక ముసలమ్మ మాత్రం, చచ్చిపోయిన తన ముగ్గురు అన్నదమ్ముల పేర్లు చెప్పి పంపించింది.

మూడోనాడు రోశయ్యను, కరణాన్ని వెంటబెట్టుకుని చెన్నకేశవులే కారులో వచ్చాడు. మనిషి కాస్త లావెక్కాడు. పుల్లమ్మ ఇంటి ముందు, చెక్కి పెట్టిన నాపరాయి మీద కూర్చున్నాడు.

"ఇది పోలీసు జాబితా కాదు పుల్లమ్మా. ఇందులో పేరుంటే నన్ను ఎన్నుకోవచ్చు. నచ్చకపోతే దించెయ్యొచ్చు. పన్ను కట్టక్కర్లేదు, చదువు అక్కర్లేదు."

"మొదటి జాబితా రాసేటప్పుడు కూడా మా మేలుకేనన్నారయ్యా, నేను కాపురానికొచ్చిన ఏడే. భూములిచ్చి బాగుచేస్తామని వేళ్ళు ఒత్తించుకున్నారు."

"నా మాట నమ్ము."

"మూడుసార్లు శిక్షపడ్డోడికి కూడా ఇది ఉంటదా?"

"ఉంటుంది."

"దించెయ్యొచ్చన్నమాట నిజమేనా?"

"నిజమే."

పుల్లమ్మ లేచి, వరసనే ఉన్న తడికలు తట్టి ఆడవాళ్ళను పిలిచింది. ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆమే పేర్లు చెప్పించింది. మొగుడి పేరు పలకటానికి సిగ్గుపడ్డవాళ్ళ తరఫున తనే చెప్పింది. తన వంతు వచ్చేసరికి, "పుల్లమ్మ. మొగుడు యల్లమంద. బతికే ఉన్నాడు, రాసుకోండి" అంది. మెంబరు గారి మొహం తేటపడింది. చాలా మంచి పని చేశావమ్మా అన్నాడు. మీకోసం చెయ్యలేదని ఆమె అనలేదు. అననక్కర్లేదనుకుంది.

పనయ్యాక ఆయన యల్లమందను చూసిపోతానన్నాడు. ఇద్దరూ గుంట దగ్గరికి పోయారు. యల్లమంద అడుగున ఒక పలకను గడ్డపారతో లేపుతున్నాడు. చెన్నకేశవులు గట్టుమీదనుంచి పిలిచాడు. అతను తలెత్తి చూసి, దండం పెట్టి, మళ్ళీ పనిలో పడ్డాడు. పలక మొత్తంగా లేచి పక్కకు ఒరిగేదాకా ఆగలేదు. అప్పుడు గడ్డపార, సమ్మెట తీసుకుని పైకి వచ్చాడు.

"యల్లమందా, నామీద కోపమొచ్చిందా?" అన్నాడు చెన్నకేశవులు.

"కోపమెందుకయ్యా" అన్నాడు యల్లమంద. సామాను పెళ్ళాం చేతికిచ్చి, మొహాన ఉన్న రాతిపొడి పైపంచెతో తుడుచుకున్నాడు. పడమటికి చూశాడు. పొద్దు ఇంకా జానెడు పైనే ఉంది.

"హాజరుకు వేళైంది" అని చెప్పి, ఆయన పక్కనుంచే నడిచి ఊళ్ళోకి పోయాడు. చెన్నకేశవులు కాసేపు గట్టుమీదే నిలబడ్డాడు. కారు దాకా తోడొస్తానని పుల్లమ్మ అనలేదు. సమ్మెట భుజాన వేసుకుని పొయ్యి రాజెయ్యటానికి ఇంటికి పోయింది.